వాగ్గేయకారుల బతుకుకథలు మన పిల్లల హక్కు: డిగ్లీపూర్ ప్రణాళిక

శాడిల్ పీక్ కొండ కింద, కల్పాంగ్ నది పారే ఈ ఉత్తర అండమాన్ నేల మీద తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి. శ్రీకాకుళం నుంచి, విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ల మనవలు ఆ ఇళ్లలో పెరుగుతున్నారు. బడిలో హిందీ, వీధిలో బెంగాలీ, అమ్మతో తెలుగు. ఆ పిల్లలకు త్యాగరాజు గోడ మీది పటంగానో, అన్నమయ్య సినిమాలోని వేషంగానో, రామదాసు పోటీ కోసం బట్టీపట్టిన నాలుగు చరణాలుగానో మిగిలిపోయే కాలం చెల్లిపోయింది. వాగ్గేయకారుల జీవితాలను పిల్లల సొంతం చేయడానికి మేము ఒక ఉద్యమంగా ఏర్పడుతున్నాం. ఇది చదువుతున్న మీరూ మాతో నడుస్తారన్న నమ్మకంతో మా విశ్వాసాలను మీ ముందుంచుతున్నాం.

1. మొదట మనిషి, తర్వాత పాట. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్నది నేలకొండపల్లి. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించాడు, గోలకొండ కోటలో ఖైదీ అయ్యాడు. ఆ చెర పన్నెండేళ్లని చెబుతారు. చెరలో కూర్చుని, దేవుడికి చేయించిన నగల ఖర్చు ఒక్కొక్కటీ అప్పజెప్పి రాముణ్ణే కీర్తనలో నిలదీశాడు. ఇంత తెలిశాక పిల్లవాడి నోట ఆ కీర్తన మారిపోతుంది. కోపం ఎక్కడ మొదలైందో, అది ఏడుపుగా ఎక్కడ తిరిగిందో వాడి గొంతుకే తెలుస్తుంది. జైలు గది ఎంత ఇరుకో, దాని కిటికీ ఎంత ఎత్తున ఉంటుందో పోర్ట్ బ్లెయిర్ సెల్యులార్ జైలును చూసివచ్చిన మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. గోపన్న బాధను అర్థం చేసుకోవడంలో వాళ్లు హైదరాబాదు పిల్లలకంటే ఒక అడుగు ముందే ఉన్నారు.

2. పుట్టిన నేలకు దూరమైనవాళ్లదే ఈ సంగీతం. మా ఉద్యమానికి ఆయువుపట్టు ఈ మాటే. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టాడు, తిరువయ్యారులో బతికాడు, 1847లో అక్కడే కావేరి ఒడ్డున కన్నుమూశాడు. కాకర్ల అన్న ఇంటిపేరు మాత్రం తరాల కిందట ఆంధ్రదేశం విడిచివచ్చిన పూర్వీకులది. తంజావూరులో నాయక రాజుల ఏలుబడి 1673లోనే ముగిసింది. అంటే ఆయన పుట్టేనాటికి అక్కడ తెలుగు రాజు లేక 94 ఏళ్లు. చుట్టూ తమిళం, గద్దె మీద మరాఠా రాజులు. ఆ రాజులూ తెలుగును ఆదరించినవాళ్లే, కాదనం. కానీ త్యాగరాజు ఆ కొలువు నీడకు చేరలేదు. తంబుర భుజాన వేసుకుని, వీధిలో పాడుతూ ఉంఛవృత్తి చేసి, దొరికిన బియ్యంతో ఇల్లు నడుపుకున్నాడు. వలస వచ్చినవాళ్ల ఇంట మిగిలిన తెలుగుతోనే తన కృతులు కట్టాడు.

మన పిల్లలూ వలస వచ్చినవాళ్ల బిడ్డలే. వాళ్ల తెలుగులో హిందీ కలిసిందని, బెంగాలీ యాస పడిందని చిన్నబుచ్చే బంధువులకు మా జవాబు తిరువయ్యారులో ఉంది. క్షేత్రయ్య మువ్వ విడిచి మధుర, తంజావూరు, గోలకొండ తిరిగాడు, పదాలు ఆయన వెంటే నడిచాయి. దూరాన ఉన్న తెలుగు కొరగాని తెలుగు కాదని మన పిల్లలు ఈ బతుకుల నుంచే తెలుసుకోవాలి. సముద్రం ఇవతల పుట్టినందుకు వాళ్లు ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

3. ఈ వారసత్వానికి కులం లేదు, ఇంటిభాష అడ్డంకి కాదు. త్యాగరాజ కృతులు మనదాకా రావడానికి కారకులైన శిష్యుల్లో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఒకరు. ఆయన సౌరాష్ట్ర నేతపనివారి కులంలో పుట్టాడు, ఇంట్లో మాట్లాడింది సౌరాష్ట్ర భాష. గురువు పాడగా విని, తెలుగు సాహిత్యాన్ని తాటాకుల మీదికి ఎక్కించాడు. గురువు చరిత్ర రాసిందీ ఆయనే, తర్వాత ఆయన కొడుకూ. ఆ వాలాజాపేట ప్రతులు మధుర సౌరాష్ట్ర సభలో భద్రపడ్డాయి. వేరే భాష ఇంట పుట్టిన కుర్రవాడు ఆ పని చేయకపోతే మనం ఎన్ని కృతులు పోగొట్టుకునేవాళ్లమో! అందుకే మా కూడికలకు బెంగాలీ పిల్లలు, తమిళ పిల్లలు, రాంచీ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు అందరూ వస్తారు. వాళ్లు అతిథులు కారు, వారసులే.

4. కథను కథగా, చరిత్రను చరిత్రగా చెబుతాం. రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి గోలకొండ ఏలిన తానీషాకు గోపన్న బాకీ తీర్చారన్నది జనం గుండెల్లో దాచుకున్న కథ. గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్న అదే తానీషా కొలువులో ఉన్నతాధికారులన్నది చరిత్ర. పిల్లలకు రెండూ కావాలి. అన్నమయ్య పుట్టింది 1408లో అని కొందరు, 1424లో అని కొందరు అంటారు. ఆ వాదాన్నీ పిల్లల ముందే పెడతాం. దేన్ని నమ్మాలో, దేన్ని వెతకాలో తేల్చుకునే వివేకం పదేళ్ల పిల్లకూ ఉంటుంది.

5. ఆడవాళ్లు లేని వాగ్గేయకారుల చరిత్రను మేము చెప్పబోం. అన్నమయ్య భార్య తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. ఈ కాలానికి దగ్గరగా బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. తిరువయ్యారు ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో, దేవదాసిగా పుట్టిన ఆమె తన సొమ్ము ధారపోసి త్యాగరాజ సమాధి మీద గుడి కట్టించింది. స్త్రీల ఆరాధన వేరుగా జరిపించి, చివరికి ఆ తలుపు అందరికీ తెరుచుకునేదాకా పట్టు వదల్లేదు. 1952లో పోయింది. ఆమె సమాధి ఈనాటికీ త్యాగరాజ సమాధికి ఎదురుగానే ఉంది. డిగ్లీపూర్‌లో ప్రతి ఆడపిల్లకూ ఈ కథ తెలియాలి. మగపిల్లలకు ఇంకా ముందు తెలియాలి.

6. లోకం మనకు పరాయిది కాదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో తెల్లవాళ్ల బ్యాండు విని, ఆ వరుసలకు సంస్కృతంలో నొట్టుస్వర సాహిత్యాలు కట్టాడు. ఆయన తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. త్యాగరాజు తర్వాత మూడేళ్లకు, 1770లో, జర్మనీలో పుట్టిన బీథోవెన్‌కు వినికిడి పూర్తిగా పోయింది. 1824లో తొమ్మిదో సింఫనీని మొదటిసారి జనానికి వినిపించిన నాటికి ఆయన దాన్ని చెవులతో వినలేడు. వీళ్లందరినీ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చోబెడతాం.

మేము కోరుకునే డిగ్లీపూర్ ఎలా ఉంటుందో చెబుతాం. ఏరియల్ బే జెట్టీ మీద నాన్న వల సర్దుతుంటే పక్కనున్న కుర్రవాడు ఉంఛవృత్తి అంటే ఏమిటో స్నేహితుడికి వివరిస్తాడు. ఒక బెంగాలీ అమ్మాయి, 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చాడని, మన జాతీయగీతం వరుసను అక్కడే మార్గరెట్ కజిన్స్ స్వరలిపిలో రాసిందని తెలుగు పిల్లలకు చెబుతుంది. మదనపల్లె ఎక్కడుందని వాళ్లు తమ తాతలను అడుగుతారు. తాతలు పటం తెరుస్తారు. తిరుమల గుడిలోని చిన్న రాతి అరలో అన్నమయ్య రాగిరేకులు శతాబ్దాలు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయని విన్న పిల్ల, ఇంటికి వెళ్లి తన నాయనమ్మ పాడే ఊరి పాటలను నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెడుతుంది. పాడలేని పిల్లలకు కూడా ఈ లోకంలో చోటుంటుంది. కథ చెప్పేవాడు, బొమ్మ వేసేవాడు, తప్పులు పట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు, అందరూ కావాలి.

7. ఇందుకు భవనం అక్కర్లేదు, రుసుము లేదు, బహుమతులు లేవు. నెలకొక జీవితం. పెద్దలు ఒకసారి చెబుతారు, ఆ తర్వాత నెలంతా పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. నెల చివర ఒక్క పాట, అదీ ఆ జీవితంలోంచి వచ్చినదే.

మీ ఇంట్లో రామదాసు కీర్తనలు వచ్చిన పెద్దావిడ ఉంటే ఆమెను వెంటబెట్టుకు రండి. పాత క్యాసెట్లు, చిరిగిన పాటల పుస్తకాలు ఉంటే తెచ్చి ఇవ్వండి, నకలు తీసుకుని తిరిగి ఇస్తాం. బెంగాలీలో, తమిళంలో, హిందీలో కథ చెప్పగలిగితే మీరు మాకు మరీ కావాలి. త్యాగరాజ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి నాడే మొదటి కూడిక. ఆ రోజు పిల్లలు చెప్పబోయేది వాలాజాపేట శిష్యుడి కథ. వచ్చి వాళ్ల మధ్య కూర్చోండి, తెలియనిది వాళ్లనే అడగండి.