మైకు ముందు ‘ఆయ్’ అనొచ్చండీ!

గోదావరి జిల్లాల వాళ్లకి మాటలు రావంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? కాలువ గట్టు మీద టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే చాలు. పులస రేటు నుంచి ప్రభాస్ సినిమా కలెక్షన్ల దాకా, పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అన్నీ అక్కడే తేలిపోతాయి. పెళ్లి భోజనాల్లో పక్కనెవరు కూర్చున్నారో తెలియాల్సిన పని లేదు. ‘‘తమరు ఎవరి తాలూకండీ?’’ అని మొదలెడితే పెరుగన్నం అయ్యేదాకా మాట ఆగదు.

అదే మనిషికి మైకిచ్చి ‘‘ఓ రెండు నిమిషాలు మాట్లాడండి’’ అనండి. ‘‘అబ్బే, నాకెందుకండీ... మా బావగారు బాగా మాట్లాడతారు, ఆయనకివ్వండి’’ అంటూ నాలుగడుగులు వెనక్కేస్తాడు.

మీరూ అంతేనా? వాట్సాప్ గ్రూపులో మీరే కింగు. హాస్టల్ రూములో మీరు జోకేస్తే నవ్వని వాడుండడు. కానీ ప్లేస్‌మెంట్ రోజు ఇంటర్వ్యూలో ‘‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’’ అనగానే నోరెండిపోతుంది. ఇరవై ఏళ్లుగా మీతోనే ఉన్న మనిషి గురించి రెండు ముక్కలు చెప్పలేక పేరు, ఊరు, నాన్నగారి ఉద్యోగం దగ్గరే ఆగిపోతారు. ఈ వారం ఆ బెరుకు గురించి, దానికి మందులా పనిచేసే స్పీకింగ్ క్లబ్బుల గురించి మాట్లాడుకుందాం.

భయం మైకుది కాదు

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పదిమంది కళ్లూ మన మీద పడగానే శరీరం దాన్ని ప్రమాదం కింద లెక్కేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి. ఇది పిరికివాళ్లకి మాత్రమే వచ్చే జబ్బేం కాదు. ఏళ్ల తరబడి స్టేజీలెక్కిన వాళ్లకీ మొదటి అర నిమిషం కాస్తో కూస్తో ఉంటుంది. అది కాసేపట్లో తగ్గిపోతుందని వాళ్లకి అనుభవం మీద తెలుసు. మనకింకా తెలీదు. తేడా అక్కడే.

మన వైపు దీనికి తోడు ఇంకోటుంది. వెటకారం! గోదావరి వెటకారానికి పెట్టింది పేరు కదా. వినడానికి భలే సరదాగా ఉంటుంది, మన మీద కానంత వరకు. వినాయక చవితి పందిట్లో ఒకసారి మాట తడబడితే చాలు, మర్నాటికల్లా ఆ తడబాటే మన ముద్దుపేరైపోతుంది. పదేళ్ల తర్వాత మన పెళ్లిలోనూ ఎవడో ఒకడు దాన్ని గుర్తు చేస్తాడు. అందుకే చాలామంది తెలివైన పిల్లలు చిన్నప్పుడే ఓ నిర్ణయానికి వచ్చేస్తారు: మాట్లాడకపోతే పరువు పోదు కదా అని.

కానీ మాట్లాడకపోతే పోయేవి వేరే ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఉద్యోగం పోతుంది. ఆఫీసు మీటింగులో మనకొచ్చిన ఆలోచన పక్కవాడి నోటి నుంచి వచ్చి, పేరు వాడికెళ్తుంది. గ్రామసభలో మన వీధి డ్రైనేజీ సంగతి ఎవరూ ఎత్తరు. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లకి రిజర్వు అయ్యాయి. అయినా చాలా ఊళ్లలో మైకు దగ్గరికొచ్చేసరికి సర్పంచ్ గారి భర్త మాట్లాడటం చూస్తూనే ఉన్నాం. కుర్చీ వచ్చినంత మాత్రాన గొంతు రాదు. దానికి సాధన కావాలి, ఆ సాధనకి నవ్వులపాలు కాని చోటు ఒకటి కావాలి.

క్లబ్బులో ఏం జరుగుతుంది?

అలాంటి చోటు కోసమే రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన 1924 అక్టోబరు 22న అమెరికాలోని శాంటా ఆనా అనే ఊళ్లో, వైఎంసీఏ భవనం కింద గదిలో ఓ సమావేశం పెట్టాడు. అదే ఇవాళ 140కి పైగా దేశాలకు విస్తరించిన టోస్ట్‌మాస్టర్స్. మన తెలుగు నేల మీద హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల ఈ క్లబ్బులున్నాయి. ఆన్‌లైన్లో జరిగేవీ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్లెవరైనా చేరొచ్చు.

పేరు పెద్దదే గానీ పద్ధతి చాలా సింపుల్. ఇక్కడ పాఠం చెప్పే మాస్టారుండరు. సభ్యులే ఒకరికొకరు నేర్పుకుంటారు. మొదటి ప్రసంగం పేరు ఐస్‌బ్రేకర్. నాలుగు నుంచి ఆరు నిమిషాలు మీ గురించి మీరే చెప్పుకోవాలి. టైమర్ చేతిలో రంగులుంటాయి: నాలుగో నిమిషానికి పచ్చ, అయిదుకి పసుపు, ఆరుకి ఎరుపు. ఎరుపు పడిందంటే ముగించాలి, అది ఎంత పెద్దమనిషైనా సరే. మన ఊరి సభల్లో ఈ ఎర్ర కార్డొక్కటి ఉంటే ఎంత బావుండేదో అనిపించడం లేదూ!

తర్వాత టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ఓ ప్రశ్న అడుగుతారు, ఒకటి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. ఇంటర్వ్యూకి ఇంతకన్నా మంచి ప్రాక్టీసు లేదు. ఇంకో సభ్యుడు ‘అ...’, ‘ఆ...’, ‘అంటే...’ అని మీరు ఎన్నిసార్లు సాగదీశారో లెక్కపెడతాడు. మరొకరు భాష గమనిస్తారు. చివర్లో ఒకరు లేచి రెండు మూడు నిమిషాల్లో మీ ప్రసంగంలో ఏది బావుంది, ఈసారి ఏది మార్చుకోవచ్చు చెబుతారు.

అసలు రహస్యం ఆ చివరి దాన్లో ఉంది. ‘సూపర్ బ్రో’ అని వదిలేయరు, ‘ఏడిశావ్‌లే’ అనీ అనరు. ‘‘మీ తాతగారి పడవ గురించి చెప్పినప్పుడు అందరం తలెత్తి చూశాం. కానీ అక్కడికి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఈసారి పడవతోనే మొదలెట్టండి’’ అన్నట్టుంటుంది. జీవితంలో మన మాటని ఇంత శ్రద్ధగా ఎవరైనా ఎన్నిసార్లు విని ఉంటారు? ఇంట్లో పూర్తిగా వినరు, క్లాసులో వినరు. క్లబ్బులో మాత్రం చివరి మాట దాకా వింటారు. ఆ వినడమే మనిషిని మారుస్తుంది.

పైగా వచ్చే వారం ఇంకొకరికి అలా చెప్పాల్సిన వంతు మీదవుతుంది. అప్పుడు మీరూ చెవులు రిక్కించి వినక తప్పదు. మాట్లాడటం నేర్చుకుందామని వెళ్లిన వాళ్లు ముందు వినడం నేర్చుకుని వస్తారు. అది ఆఫీసులోనూ పనికొస్తుంది, పెళ్లయ్యాక ఇంట్లోనూ పనికొస్తుంది.

మనకిది కొత్తేం కాదు

అమెరికా నుంచి వచ్చిన సరుకని అనుకునేరు. రాజమండ్రిలో ఉపన్యాసాల చరిత్ర అంతకంటే పాతది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు వితంతు వివాహాల కోసం ఊళ్లో సభలు పెట్టి, తిట్లు తింటూనే మాట్లాడి, 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి జరిపించారు. జనం కూర్చుని వినడానికో చోటు కావాలని టౌన్ హాలు కట్టించారు. ఆ హాలు ఇప్పటికీ ఉంది.

1907లో వందేమాతరం ఉద్యమం రోజుల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఇంగ్లిషులో మాట్లాడుతుంటే జనానికి తెలుగులో చెప్పింది ఎవరో తెలుసా? ‘గణపతి’ నవల రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు సరిగా లేని మనిషి. కాగితం చూసి చదివే వీల్లేదు. విన్నది మనసులో పట్టుకుని అప్పటికప్పుడు తెలుగు చేసి అందించాలి.

ఇంకో పద్నాలుగేళ్లకి, 1921లో, గాంధీజీ కాకినాడ వచ్చారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది పన్నెండేళ్లయినా నిండని ఓ అమ్మాయి. పుట్టింది రాజమండ్రిలో. పేరు దుర్గాబాయి. పెద్దయ్యాక రాజ్యాంగ సభలో సభ్యురాలై దేశం కోసం మాట్లాడిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆవిడే.

ఇక్కడ ఓ సంగతి గమనించండి. ఇద్దరూ ఆ సభల్లో నిలబడింది వేరేవాళ్ల మాట శ్రద్ధగా విని, దాన్ని తమవాళ్ల భాషలోకి తెచ్చే పని మీద. క్లబ్బులో నేర్పేది కూడా అదే కదా!

ఇంకోటి కూడా చెప్పాలి. టోస్ట్‌మాస్టర్స్ ఆడవాళ్లని అధికారికంగా సభ్యులుగా చేర్చుకోవడం మొదలెట్టింది 1973లో. అంటే మన దుర్గాబాయి కాకినాడ సభలో గొంతెత్తిన 52 ఏళ్లకి! కాబట్టి ‘మనకి ఇలాంటివి అలవాటు లేదు, ఆడపిల్లలు స్టేజీ ఎక్కితే ఏమనుకుంటారో’ అనే వాళ్లకి ఈ రెండు సంవత్సరాలూ చెప్పండి చాలు.

బెరుకు వదలండి, యాస కాదు

ఇప్పుడు అసలు గొడవకొద్దాం. కోనసీమలోని ఏదో లంక ఊరి నుంచి రాజమండ్రి కాలేజీకో, హైదరాబాద్ కోచింగుకో వెళ్లిన పిల్లలు మొదటి నెలలోనే ఓ పని చేస్తారు. ‘ఆయ్’ మానేస్తారు. వాక్యం చివర ‘అండి’ తగ్గించేస్తారు. ఎందుకంటే సినిమాల్లో ఆ యాస వినపడగానే కామెడీ సీను అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. రూమ్మేట్లు కూడా ‘‘ఏదీ, ఇంకోసారి ఆయ్ అను’’ అంటారు. ఆ తర్వాత ప్రతి మాటా నోట్లోంచి వచ్చేముందు ఓసారి సరిచూసుకోవాల్సి వస్తుంది. అలా చూసుకుంటూ మాట్లాడే వాళ్లకి ధారాళంగా మాటెలా వస్తుంది? చివరికి యాస పోదు, మాట పోతుంది.

‘అంటే... అదేంటంటే...’ అనేది వేరు, ‘ఆయ్’ అనేది వేరు. మొదటిది ఆలోచన ఇంకా తయారవక సాగదీసుకోవడం. దాన్ని లెక్కపెట్టి తగ్గించుకోవాల్సిందే. దానికి మందు కూడా తేలికే: ఆ చోట నోరు మూసుకుని ఓ క్షణం ఆగండి. మీకు యుగంలా అనిపిస్తుంది గానీ వినేవాళ్లకి హుందాగా ఉంటుంది. రెండోది ఎదుటి మనిషి మాటకి మర్యాదగా ఊకొట్టడం. అది మీ అమ్మమ్మ మాట, మీ ఊరి మాట. దాన్నెవరూ తప్పుల ఖాతాలో వేయకూడదు.

ఉద్యోగానికి ఇంగ్లిషు కావాలి, నిజమే. అది నేర్చుకోండి, స్పష్టంగా పలకండి. కానీ లేని అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లకి రెండో నిమిషంలోనే దొరికిపోతాం. చెప్పే విషయం మీద పట్టుంటే గోదావరి ఇంగ్లిషైనా నిలబడుతుంది.

దగ్గర్లో క్లబ్బు లేకపోతే?

టోస్ట్‌మాస్టర్స్ వెబ్‌సైటులో ఊరి పేరు కొట్టి వెతకొచ్చు. అతిథిగా వెళ్లి చూడ్డానికి సాధారణంగా డబ్బులు తీసుకోరు. నచ్చి చేరితే ఆరు నెలలకోసారి రుసుము కట్టాలి. ఆ వీలు లేకపోతే మీరే మొదలెట్టండి. ఎనిమిది మంది చాలు. ఆదివారం సాయంత్రం గంటన్నర. లైబ్రరీ గది, స్కూలు వరండా, గోదావరి గట్టు... ఏదైనా సరే. ఫోనే టైమరు, మూడు రంగుల అట్టముక్కలే కార్డులు. భాష మీ ఇష్టం. ఓ వారం తెలుగు, ఓ వారం ఇంగ్లిషు పెట్టుకోండి.

రూల్సు నాలుగే. ప్రతి ఒక్కరూ ప్రతివారం కనీసం రెండు నిమిషాలు నిలబడి మాట్లాడాలి. ఎర్ర కార్డు పడగానే ఆపాలి. విన్న వాళ్లలో ఒకరు నచ్చినవి రెండు, మార్చుకోవాల్సింది ఒకటి చెప్పాలి. నాలుగోదే మన జిల్లాలకి ముఖ్యం: వెటకారాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలి రావాలి. వెళ్లేటప్పుడు మళ్లీ తొడుక్కోవచ్చు, ఎవరూ ఎత్తుకుపోరు! వీడియో తీసి స్టేటస్ పెట్టడం కూడా వద్దు. అక్కడ తడబడింది అక్కడే ఉండిపోవాలి.

మొదటి టాపిక్కులకి పెద్ద విషయాలు అక్కర్లేదు. ‘మా ఇంట్లోకి వరద నీళ్లొచ్చిన రోజు’, ‘ఆత్రేయపురం పూతరేకు ఎలా చేస్తారు’, ‘నేను రోజూ ఎక్కే బస్సు’... బాగా తెలిసినవైతే మాట దానంతటదే వస్తుంది.

ఒక్క జాగ్రత్త. క్లబ్బులో ప్రతి మాటకీ చప్పట్లు కొడతారు, బయట కొట్టరు. ఆ చప్పట్లకే అలవాటు పడి అక్కడే ఆగిపోయే వాళ్లూ ఉన్నారు. మూడు నెలల సాధన తర్వాత బయటికి రండి. క్లాసులో సెమినార్ మీరే తీసుకోండి. అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల ట్యాంకు సంగతి మీరే ఎత్తండి. గ్రామసభకి వెళ్లి మీ వీధి లైటు గురించి అడగండి. నేర్చుకున్నది నిలుస్తుందో లేదో తేలేది అక్కడే.

ఈ కాలమ్ చదవడం అయిపోగానే ఓ పని చేయండి. మీ కాంటాక్టుల్లో, మాట్లాడాలని ఉండీ వెనక్కి జరిగే ఏడుగురి పేర్లు వెతకండి. దొరుకుతారు, మన వైపు వాళ్లకేం కొదవ లేదు. ‘‘ఆదివారం సాయంత్రం వస్తావా?’’ అని మెసేజ్ పెట్టండి.

‘‘ఆయ్, వస్తానండీ’’ అని ఒక్క జవాబొచ్చినా క్లబ్బు మొదలైనట్టే.