శాలువా ఇచ్చారు, మైకు ఇవ్వలేదు

పోయిన ఆగస్టు 15న మురమళ్ళలో నలుగురు మాజీ సైనికులకు సన్మానం జరిగింది. ఎవరు చేశారో ఇక్కడ అనవసరం. ఏ ఊళ్ళో అయినా ఇలాగే జరుగుతోంది. పైగా అందులో మా చేతి పని కూడా ఉంది. సన్మాన పత్రాలు రాసింది మేమే. సరిహద్దుల్లో ప్రాణాలకు తెగించి, మంచుకీ ఎండకీ వెరవక అంటూ ఒక్క పత్రం రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలి, నాలుగు ప్రింట్లు తీయించాం. ఆ నలుగురిలో ఒకాయన సైన్యంలో వంట చేశాడు. ఒకాయన లారీ తోలాడు. ఒకాయన ఆఫీసులో లెక్కలు రాశాడు. నాలుగో ఆయన నేలలో మందుపాతరలు పాతాడు, మళ్ళీ తీశాడు. నలుగురికీ అదే పత్రం.

నాలుగో ఆయన మావాడు. వి.ఆర్.పురం వైపు కోయగూడెం. పదిహేడేళ్ళు మిలటరీలో చేసి వచ్చి, ఇప్పుడు ఈ పక్క రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉంటున్నాడు. మేము బాబాయ్ అని పిలుస్తాం. మేము అంటే ఏజెన్సీ నుంచి వచ్చి కోనసీమ బళ్ళలో పాఠాలు చెప్పుకుంటున్న ఆదివాసీ టీచర్లం. తూర్పు గోదావరి అంతా ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊళ్ళు అల్లూరి జిల్లాలోకి వెళ్ళాయి, మా ఉద్యోగాలు కోనసీమలో మిగిలాయి.

ఆ రోజు సభ గంటన్నర నడిచింది. వక్తలు ఏడుగురు. సైనికుల త్యాగం గురించి ఏడుగురూ మాట్లాడారు, సైనికులు కుర్చీల్లో కూర్చుని విన్నారు. చివర్లో ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు మాట్లాడమన్నారు. బాబాయ్ వంతు వచ్చేసరికి పిల్లలకి చాక్లెట్లు పంచడం మొదలైంది. "మీరు ఏ యుద్ధంలో పాల్గొన్నారండీ?" అని అడిగాడు మైకు పట్టుకున్న కుర్రాడు. "నేను ఉన్న చోట యుద్ధం జరగలేదు బాబూ" అన్నాడు బాబాయ్. "అయితే ఒక దేశభక్తి మాట చెప్పండి" అన్నాడు కుర్రాడు. బాబాయ్ జై హింద్ అన్నాడు. చప్పట్లు కొట్టారు. మైకు పక్కకి పోయింది.

యుద్ధం జరగలేదన్న ఆ మాట వెనక ఏముందో సభలో ఎవరికీ అక్కర్లేకపోయింది. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక, పాకిస్తాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించారు. దానికి ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు. సుమారు పది నెలలు సైన్యం అక్కడే ఉంది. యుద్ధం రాలేదు. కానీ పంజాబ్, రాజస్థాన్ పొలాల్లో మైళ్ళ కొద్దీ మందుపాతరలు పాతారు, తరవాత మళ్ళీ తవ్వి తీశారు. పాతేటప్పుడూ తీసేటప్పుడూ జరిగిన ప్రమాదాల్లో మనుషులు పోయారు, కాళ్ళూ చేతులూ పోయాయి. బాబాయ్ మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేశాడు. ఆ గ్రూపు సైనికులను తంబీలంటారు, కోయవాడైనా తంబీయే. పాతినప్పుడు పటం గీస్తారట, తీసేటప్పుడు ఆ పటం పట్టుకుని బోర్లా పడుకుని, సన్నటి ఇనుప కడ్డీతో నేలను పొడుచుకుంటూ పోవాలట. ఇసుక నేలలో గాలికీ వానకీ పాతర జరిగిపోతుంది, పటంలో ఉన్న చోట ఉండదు. లెక్కకి ఒకటి తక్కువొస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇవన్నీ సభలో చెప్పినవి కావు. తరవాతి ఆదివారం మా గదికి వచ్చి చెప్పినవి. ఇంకో మాట కూడా చెప్పాడు. పాతరలు పాతుతుంటే ఆ పొలాల రైతులు గట్టు మీద నిలబడి చూసేవారట. పంట చేల మీద ముళ్ళకంచె వేసి ఎర్ర త్రికోణం బోర్డు పెడుతుంటే వాళ్ళలో ఒక ముసలాయన ఏమీ అనకుండా అలా చూస్తూ ఉండిపోయాడట. "మా నాన్న మొహం గుర్తొచ్చింది" అన్నాడు బాబాయ్. వి.ఆర్.పురం పోలవరం ముంపు మండలం. ఆయన ఎందుకలా అన్నాడో ముంపు ఊళ్ళవాళ్ళకి వివరించక్కర్లేదు.

ఈ జ్ఞాపకాన్ని ఏ సన్మాన పత్రంలో ఇరికిస్తారు? అందుకే మా ఫిర్యాదు కృతజ్ఞత చెప్పినందుకు కాదు. చెప్పండి, బాగా చెప్పండి. మాట్లాడనివ్వకుండా చెప్పే కృతజ్ఞత మాత్రం చాలా చౌక బేరం. శాలువా, దండ, మెమెంటో కలిపి మనిషికి వెయ్యి రూపాయలు దాటదు. దాంతో బాకీ తీరిపోయినట్టు లెక్క రాసేసుకుంటారు. మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో రోజూ స్వామికి కల్యాణం జరుగుతుంది, ఆ వైభవం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. స్వామికి కల్యాణం ఎన్నిసార్లు చేసినా బావుంటుంది. మనిషికి మాత్రం ఉత్త దండలతో సరిపోదు, అతని మాట వినాలి.

ఇలా అంటే మాకు వచ్చే జవాబులు మూడు రకాలు. మొదటిది, "సైన్యంలో కులం లేదు, తెగ లేదు, మీరెందుకు ఆదివాసీ సైనికుడని విడిగా అంటారు?" అని. సిక్కు రెజిమెంటు, జాట్ రెజిమెంటు, రాజ్‌పుత్ రెజిమెంటు, డోగ్రా రెజిమెంటు, మహర్ రెజిమెంటు అని పేర్లు పెట్టుకున్న సైన్యంలో మేము విడిగా అనేదేముంది? 1971 డిసెంబర్‌లో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా ఉరావ్ తెగవాడు. గల్వాన్ అంటే తెలుగువాళ్ళకి సూర్యాపేట సంతోష్ బాబు గుర్తొస్తారు, రావాలి కూడా. అదే రాత్రి అదే 16 బీహార్ దళంలో చనిపోయి వీర చక్ర పొందిన నుదురామ్ సోరెన్ ఒడిశా మయూర్‌భంజ్ సంతాల్. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? టీచర్లలో ఎంతమందికి తెలుసు? మాకూ మొన్నటిదాకా తెలియదు.

రెండో జవాబు మన వాళ్ళ నుంచే వస్తుంది, అది గట్టిది. "యూనిఫాం మన గూడేలకి ఎందుకొచ్చిందో మర్చిపోయారా?" అంటారు. మర్చిపోలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ఆయుధాలు తీసుకున్నది మన తాతలు. వాళ్ళ మీదికి మలబార్ స్పెషల్ పోలీసులనీ, తర్వాత అస్సాం రైఫిల్స్‌నీ దింపారు. నిన్న మొన్నటి సంగతి చూస్తే, చింతూరు అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఐదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్ళకి నెలకి 3,000 రూపాయలిచ్చి తుపాకీ పట్టించారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఈ చరిత్ర ఉంది కాబట్టే మన సైనికుడిని ఇంకా ఎక్కువ వినాలంటున్నాం. బీహార్ రెజిమెంటు వాళ్ళు బిర్సా ముండా కీ జై అని నినాదం ఇస్తారు. తెల్లవాళ్ళ సైన్యం ఆ బిర్సానే వేటాడింది, ఆయన 1900లో రాంచీ జైల్లో చనిపోయాడు. ఈ రెండూ ఒకే మనిషి ఛాతీలో ఎలా ఇముడుతాయో ఆ యూనిఫాం వేసుకున్న ఆదివాసీ తప్ప ఇంకెవరు చెప్పగలరు? మనం అడగం. అడగకుండానే తీర్పు చెప్తాం.

మూడో జవాబు యువకులది. "ఉద్యోగం ఉద్యోగమే సార్, జ్ఞాపకాలతో ఏం పని?" తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ కాస్త ఆగండి, ఇది మీ కడుపుకి సంబంధించిన విషయం.

బాబాయ్‌కి పెన్షన్ వస్తుంది. పదిహేనేళ్ళ సర్వీసు దాటితే సిపాయికి పెన్షన్ ఉంది. చెరువు కాపలా కూతుళ్ళ చదువు కోసం చేస్తున్నాడు గానీ పూట గడవక కాదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో చేరిన మీకు నాలుగేళ్ళే. వందలో పాతిక మందిని మించి ఉంచుకోరు. మిగిలినవాళ్ళకి సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు ఇచ్చి పంపిస్తారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. ఈ చివరిది మళ్ళీ చదవండి. మొదటి బ్యాచ్ వాళ్ళు 2026 చివరికో 2027 మొదట్లోనో ఇళ్ళకి రావడం మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చే ఆగస్టు 15కి వాళ్ళని వేదిక మీద ఏమని పిలుస్తారు? శాలువా కప్పేవాళ్ళు కప్పుతారేమో, కాగితం మీద మాత్రం వాళ్ళు మాజీ సైనికులు కారు.

మురళీ నాయక్ సంగతి మీ అందరికీ తెలుసు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు, అగ్నివీర్. 2025 మే నెలలో సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఎవరుండాలన్న తగువులు కొన్నిచోట్ల ఉన్నాయి, అవి ఈ కుర్రాడి దగ్గరికి తేవద్దు. మంత్రులు వెళ్ళారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంచిదే, ఎవరూ కాదనరు. అయినా అదే ఏడాది ఆయన తల్లి, మామూలు సైనికుల కుటుంబాలకు ఇచ్చే పెన్షన్ అగ్నివీర్ల కుటుంబాలకూ ఇవ్వాలని బొంబాయి హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. అదే కాల్పుల్లో అదే చోట మామూలు సిపాయి పోతే వచ్చే పెన్షన్, అగ్నివీర్ పోతే ఎందుకు రాదు? ఆ తల్లి అడిగింది అదే. ఇంత పెద్ద కృతజ్ఞత సభలన్నీ అయ్యాక ఆమె కోర్టు మెట్లు ఎందుకెక్కాలి?

జ్ఞాపకాలతో ఏం పని అన్నారు కదా. మన పెద్దల సంగతి చూడండి. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పెట్టినప్పుడు కనీసం ఆరు నెలల జైలు చూపించాలన్నారు. 1980 నుంచి ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ దాన్ని మూడు నెలలకి తగ్గించారు. తగ్గించారు సరే, రుజువు మాత్రం కావాలన్నారు. ఫితూరీ దళానికి రాత్రిపూట గంజి కాచి పోసిన మనిషి దగ్గర, దారి చూపించి కొరడా దెబ్బలు తిన్న మనిషి దగ్గర ఏ కాగితం ఉంటుంది? గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు కాబట్టి ఆయన పేరు నిలిచింది. మిగిలినవాళ్ళ మాట ఎవరూ రాసుకోలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల నుంచి ఇప్పటిదాకా సైన్యంలోకి వెళ్ళిన తరాల్ని ఆ ఊరు గుర్తుపెట్టుకుంది, స్థూపం కట్టుకుంది. మన గూడేల నుంచి వెళ్ళినవాళ్ళ జాబితా మన ఆశ్రమ పాఠశాలల్లో ఒక్కదాంట్లోనైనా ఉందా? ఉంటే ఆ టీచరుకి మా దండం, ఆ కాగితం మాకూ పంపండి.

టీచర్ మిత్రులారా, మనం ఈ సభల నిర్వాహకులం. మైకు మన చేతిలోనే ఉంటుంది. ఏడుగురు వక్తల్ని ఇద్దరికి తగ్గించడం మన వల్ల కాదా? సభకి వారం ముందు ఆ మనిషి ఇంటికి వెళ్ళి, ఏ దళం, ఏ ఏళ్ళు, ఏం పని, జీతం ఎంత, మొదటి సెలవు ఎప్పుడొచ్చింది అని అడిగి రాసుకోవడం మన వల్ల కాదా? తెలుగులో నోరు పెగలకపోతే కోయలో చెప్పమనండి, కువిలో చెప్పమనండి, సవరలో చెప్పమనండి. పదిహేడేళ్ళలో బాబాయ్ హిందీ, తమిళం, కొంత ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఏం చేశావని ఆయన్ని ఆయన భాషలో ఎవరూ అడగలేదు. వంట చేసిన ఆయన్నీ అడగాలి, లారీ తోలిన ఆయన్నీ అడగాలి. శత్రువుని ఎంతమందిని చంపావు అని పిల్లలు అడిగితే ఆపకండి, కానీ ఆ ఒక్క ప్రశ్నతో వదిలేయకండి. అగ్నివీర్‌గా చేరబోయే కుర్రాడి చేత ముందు ఒక పాత సిపాయిని పెన్షన్ పుస్తకం చూపించమని అడిగించండి. వెళ్ళాలా వద్దా అన్నది ఆ తర్వాత వాడే తేల్చుకుంటాడు.

ఈ ఏడాది మేము ఆగస్టు 15న కాదు, ఆగస్టు 22న బాబాయ్‌ని బడికి పిలిచాం, చింతపల్లి రోజున. వక్తలు లేరు, ఆయన ఒక్కడే. ముందు ఒప్పుకోలేదు. "యుద్ధం చెయ్యని వాణ్ణి, పిల్లలకి ఏం చెప్తాను మేష్టారూ?" అన్నాడు. ఆ పటం సంగతి చెప్పమన్నాం. ఆ ఆదివారం మా గదిలో నోటు పుస్తకం మీద గీసి చూపించాడు, కంచె ఎక్కడ, వరస ఎక్కడ, ఆ ముసలాయన నిలబడ్డ గట్టు ఎక్కడ. గీస్తూ గీస్తూ ఒక చోట ఆగి, ఇక్కడ ఒకటి దొరకలేదు అన్నాడు. మూడు రోజులు వెతికారట. మిగతాది ఇంకోసారి చెప్తానని లేచాడు, ఎనిమిదింటికి చెరువు దగ్గర డ్యూటీ ఎక్కాలి.