ఆది జాకెట్టు ఎవరిది?

2025 జులైలో ఒక రాత్రి. మందమర్రిలో మా చెల్లెలి వాళ్ల సింగరేణి క్వార్టర్. ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి మర్నాడే ఆఖరు. ఒక్క కంప్యూటర్ చుట్టూ ఏడుగురం చేరాం. మౌస్ మా మరిది చేతిలో ఉంది. ఓటీపీ వచ్చే ఫోను ఆయన జేబులో ఉంది. పాస్‌వర్డ్ ఆయన తమ్ముడికి తెలుసు. పక్క క్వార్టర్ ఆయన హైదరాబాద్ ప్రైవేటు కాలేజీల పేర్లు వరసగా ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. ఆ ర్యాంకు తెచ్చుకున్న పిల్ల మాత్రం అందరి వెనకా గోడకి ఆనుకుని నిలబడింది. కుర్చీలు చాలలేదు మరి!

రెండు రోజుల ముందే ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నాకు మైనింగ్ చదవాలనుంది. కొత్తగూడెంల ఉన్నది. నాన్నకు నువ్వు చెప్పవా?" అంది. ఎందుకమ్మా అని అడిగాను. "తాత తట్టా చెమ్మస్ పట్టిండు. నాన్న కూడ బాయిలనే చేస్తుండు. బాయి లోపల ఏముంటదో మా ఇంట్ల మగవాళ్లందరికి తెలుసు. ఆడోళ్లకే తెల్వదు. పైకప్పు కూలి తాత కాలు పోయింది కదా, అదెందుకు కూలిందో నాకు చదువుకోవాలనుంది" అంది. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒక చదువు ఎందుకు కావాలో ఇంత స్పష్టంగా చెప్పిన విద్యార్థిని నేను ఎక్కువమందిని చూడలేదు.

కొత్తగూడెం కాలేజీ స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైంది. ఆ తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం కింద నడిచింది. 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ ఊళ్లోనే. బొగ్గు గురించి చదవాలనుకున్న పిల్లకి బొగ్గు ఉన్న ఊరు. ఇంతకంటే సూటిగా ఏముంటుంది? కానీ మా మరిది నావైపు చూడకుండానే అన్నాడు: "ఆడపిల్లకు బొగ్గుబాయి ఎందుకు వదినె? పేరున్న కాలేజీల కంప్యూటర్ చదివితే రేపు సంబంధాలకు కూడ బాగుంటది."

ఈ ఒక్క వాక్యంలో రెండు వాదనలున్నాయి. ఒకటి పేరు గురించి. రెండోది ఆడపిల్లకి ఏది సరిపడుతుందన్న దాని గురించి. పైకి ఇవి రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. ఒకదాన్ని కాదంటే రెండోది మన మీదకొస్తుంది. నా బతుకులో జరిగింది అదే.

1988లో నాకు భూగర్భశాస్త్రం చదవాలని ఉండేది. ఇంటర్‌లో ఒక మేష్టారు తన సంచీలోంచి రకరకాల రాళ్లు తీసి బల్ల మీద పెట్టేవారు. వాటిని చేత్తో పట్టుకుని చూడటం తప్ప ఆ రెండేళ్లలో నాకు ఇంకేం గుర్తులేదు. "మగపిల్లల్తో కలిసి కొండలెక్కి రాళ్లు పగలగొడతావా?" అన్నారు మా నాన్న. నన్ను ఒక పేరున్న మహిళా కాలేజీలో హోంసైన్సులో చేర్పించారు. కాలేజీకి పేరుంది. ఆడపిల్లకి సరిపడే చదువు. రెండూ కలిసొచ్చాయని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆ కాలేజీ పేరు నాకు ఒకే ఒక్కచోట ఉపయోగపడింది, నా పెళ్లి సంబంధాల కాగితంలో. నా పేరు కింద, నా ఎత్తు పైన. తర్వాత నేను వేరే సబ్జెక్టులో ఎం.ఏ. చేసి లెక్చరర్‌నయ్యాను, బాగానే బతికాను. అయినా ఇప్పటికీ రైల్లో వెళ్తూ తొలిచిన గుట్ట కనిపిస్తే అందులో పొరలు లెక్కపెడతాను. ఆ మూడేళ్లు నాకెవరూ తిరిగివ్వరు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత మనకి ఊరికే రాలేదు. కాలేజీకి పేరు ఎలా వస్తుందో మనకి తెలియదా? బస్టాండు ముందు హోర్డింగులు, వాటి నిండా ర్యాంకుల పిల్లల మొహాలు, ప్యాకేజీల అంకెలు. ఆ పెద్ద ప్యాకేజీ వచ్చింది ఎందరికి? అందులో ఆడపిల్లలెందరు? హోర్డింగు చెప్పదు. మనమూ అడగం.

హోర్డింగును నమ్మం, ప్రభుత్వ ర్యాంకును చూస్తాం అంటారు కొందరు. సరే, అదీ చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పేరుతో ర్యాంకులిస్తోంది. విశ్వవిద్యాలయాలకిచ్చే నూరు మార్కుల్లో బోధనా వనరులకి 30, పరిశోధనకి 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకి 20. మిగిలిన ఇరవైలో పది మార్కులు 'పర్సెప్షన్'కి. అంటే ఆ సంస్థ గురించి యాజమాన్యాలూ అధ్యాపకులూ ఏమనుకుంటున్నారన్నది. తెలుగులో దీన్నే పేరు అంటాం. పేరున్నందుకు మార్కులు, మార్కులొచ్చినందుకు పేరు! చివరి పది మార్కులు అందరినీ కలుపుకుపోవడానికి. ఆ పదిలోనే స్త్రీలూ, పేదవాళ్లూ, వెనకబడ్డ కులాలవాళ్లూ, వికలాంగులూ, ఇతర రాష్ట్రాలవాళ్లూ అందరూ సర్దుకోవాలి. ఆడపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారన్నదానికి అందులో మార్కులు లేవు. లైబ్రరీ నుంచి ఒంటరిగా నడిచొచ్చే దారిలో దీపాలున్నాయా అన్నదానికీ లేవు. ఏ ఆడపిల్లకైనా చదువు సాగుతుందా ఆగుతుందా అన్నది తేలేది అక్కడే కదా!

ఇక రెండో వాదన. ఇది ఇంకా ప్రమాదకరం. ఎందుకంటే ఇది మన భాషలోనే మాట్లాడుతుంది. "పేరెందుకమ్మా, నీకు సరిపడేది చూసుకో" అంటుంది. ఎంత బాగుంది వినడానికి! కానీ తరతరాలుగా మనల్ని ఆపింది ఈ మాటే. ఆడపిల్లకి టీచరుద్యోగం సరిపోతుంది. ఇంటి దగ్గర డిగ్రీ కాలేజీ సరిపోతుంది. అన్నకి హైదరాబాదు, చెల్లెలికి మండల కేంద్రం. దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్లమందిలో 2.07 కోట్లమంది ఆడవాళ్లేనని 2021-22 సర్వే లెక్కలు చెప్పాయి. దాదాపు సగం. మంచిదే. కానీ ఆ రెండు కోట్లమందిలో ఎందరు తమకు కావలసిన చోట, కావలసింది చదువుతున్నారు? ఆ లెక్క ఎవరు తీస్తారు?

బొగ్గుబావి ఆడవాళ్లకి సరిపడదన్న మాటనే తీసుకోండి. అది ప్రకృతి చెప్పిన మాటా? బ్రిటిష్ ఇండియాలో ఝరియా, రాణీగంజ్ గనుల్లో ఆడవాళ్లు భర్తలతో పాటు భూగర్భంలోకి దిగి, మగవాళ్లు తవ్విన బొగ్గును తట్టల్లో నెత్తినెత్తుకుని మోశారు. 1929లో వాళ్లను క్రమంగా తప్పించడం మొదలుపెట్టారు. యుద్ధానికి బొగ్గు అవసరమయ్యేసరికి 1943లో అదే నిషేధాన్ని ఎత్తేశారు. అవసరం తీరాక 1946లో మళ్లీ పెట్టారు. స్వతంత్రం వచ్చాక 1952 గనుల చట్టం కూడా స్త్రీలు భూగర్భంలో పనిచేయకూడదంది. నెత్తిన తట్ట పెట్టుకున్నప్పుడు సరిపడిన బావి, నెత్తిన దీపం టోపీ పెట్టుకుని ఇంజనీరుగా దిగుతానంటే సరిపడకుండా పోయింది. సరిపోవడం అన్నది మన ఒంటి కొలత కాదు, వాళ్ల అవసరం కొలత.

2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో ఆడవాళ్లు పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చంది. 2021లో ఆకాంక్ష కుమారి ఝార్ఖండ్‌లోని చూరీ భూగర్భ గనిలో చేరింది. కోల్ ఇండియాలో భూగర్భంలో పనిచేసిన తొలి మహిళా మైనింగ్ ఇంజనీరు ఆమె. గనుల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. చదివింది ధన్‌బాద్ జిల్లాలోనే ఉన్న రాష్ట్ర ప్రభుత్వ కళాశాల బి.ఐ.టి. సింద్రీలో. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ అయితే స్త్రీలు అన్నిరకాల పనుల్లోనూ చేరవచ్చనీ, రాత్రి పనికి వాళ్ల అంగీకారం ఉండాలనీ అంటోంది. ఆ కోడ్ కార్మికులకు చేసే మేలూ కీడూ వేరే చర్చ. చట్టం తెరిచిన తలుపుని ఇంట్లో ఎవరు మూస్తున్నారన్నది మన చర్చ.

మనం టైలరు దగ్గరికెళ్తే ఆమె మొదట అడిగేది "ఆది తెచ్చారా?" అని. మన ఒంటికి సరిపోయిన జాకెట్టు ఇస్తాం. పక్కింటామెది ఎంత ఖరీదైనదైనా దాన్ని ఆదిగా ఇవ్వం. కానీ చదువు దగ్గరికొచ్చేసరికి పక్కింటబ్బాయి ఆదితో మన పిల్లకి కుట్టిస్తాం. లేదంటే "నువ్వింతే" అని మనమే ఒక బిగుతు జాకెట్టు తెచ్చి తొడుగుతాం. బిగుతైతే పిల్లదే తప్పు. వదులైతే పిల్లదే తప్పు. మధ్యలో చదువు మానేసి ఇంటికొస్తే "అంత మంచి కాలేజీలో సీటొస్తే నిలబెట్టుకోలేకపోయింది" అంటాం. అలా తిరిగొచ్చిన పిల్లల్ని నేను చూశాను. తెలుగు మీడియంలో చదివి, పేరున్న ఒక కాలేజీలో చేరి, క్లాసులో నోరు తెరవడానికి భయపడి, హాస్టల్లో తాళాల మధ్య ఆరు నెలలు ఏడ్చి వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గర డిగ్రీలో చేరింది. ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు ఇవ్వకపోతే ఆమె ఏడాది వృథా అయింది. ఆ పిల్లకి తెలివి తక్కువని నేననుకోను. ఆ చోటుకే ఆ పిల్లని భరించే తెలివి లేకపోయింది.

అయితే కొలవాల్సిందేమిటి? నేను చదవాలనుకున్నది అక్కడ ఎవరు చెబుతున్నారు? పోస్టులు నిండి ఉన్నాయా, గెస్టు లెక్చరర్ల మీద నడుస్తోందా? నా భాషలో ప్రశ్న అడిగితే నవ్వుతారా, జవాబు చెబుతారా? ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే నా కాగితాలు నాకిస్తారా? ల్యాబ్ దగ్గర ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందా? మగపిల్లల హాస్టల్ గేటూ ఆడపిల్లల హాస్టల్ గేటూ ఒకే వేళకి మూస్తారా? ఈ ఆఖరి ప్రశ్న అడిగితే పొగరు అంటారు. కానీ లైంగిక వేధింపుల నివారణకు యు.జి.సి. తెచ్చిన 2015 నిబంధనలే చెబుతున్నాయి, భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్లకి మగపిల్లలకు లేని ఆంక్షలు పెట్టకూడదని. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే అంతర్గత కమిటీలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులుండాలని కూడా అవే చెబుతున్నాయి. ఆ ముగ్గురి పేర్లూ చెప్పమని ఏ కాలేజీనైనా అడిగి చూడండి. ఆ మౌనమే ఆ కాలేజీ అసలు ర్యాంకు.

ఇవన్నీ అక్కడ చదువుతున్న సీనియర్ ఆడపిల్లల్ని అడగాలి. బ్రోషర్‌ని కాదు.

ఈ మాటలు ఒక సమావేశంలో అంటే, ఒక దళిత మిత్రురాలు నన్ను నిలదీసింది. "మేడమ్, పేరు వద్దనడం పేరున్నవాళ్లకి తేలిక. మా ఇంట్లో మొదటిసారి చదువుకున్నది నేను. నాకు మేనమామల పలుకుబడి లేదు, ఇంటిపేరు గొప్ప లేదు. ఆ యూనివర్సిటీ పేరే నాకు ఆస్తి" అంది. ఆమె మాటకి నేను తలవంచాను. పేరు కొందరికి అలంకారం, కొందరికి ఆయుధం. ఆయుధం కావలసినవాళ్లు దాన్ని తీసుకోవాల్సిందే. కానీ అప్పుడు కూడా కొలిచింది ఆమే. ఆ పేరుతో తనకేం పనో ఆమెకి తెలుసు, దానికెంత ధర చెల్లించాలో కూడా తెలుసు. పేరున్న చోటుకి వెళ్లొద్దని కాదు నా మాట. ఎవరి అవసరానికి ఆ పేరు అని అడగమంటున్నాను. పిల్ల బతుక్కా, తండ్రి పరువుకా, పెళ్లి కాగితానికా?

ఆ జులై రాత్రి నేను గెలవలేదు. మా మరిది తను రాసుకున్న వరసనే సేవ్ చేశాడు. మొదటి విడతలో హైదరాబాద్ కాలేజీలో కంప్యూటర్ సీటొచ్చింది. స్వీట్లు పంచారు. పిల్ల ఒక్కటీ ముట్టుకోలేదట. అప్పుడు మాట్లాడింది మా చెల్లెలు. ఇరవై ఏళ్ల కాపురంలో మొగుడి నిర్ణయానికి ఎదురు చెప్పని మనిషి. "బాయిల దిగినోళ్లు తిరిగొచ్చేదాక గడప మీద కూసునే బతుకు నాది. నా బిడ్డ కూసోదు. దిగుతది" అందట. రెండో విడతలో మౌస్ పిల్ల చేతికొచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు కొత్తగూడెంలో ఉంది. అది గొప్ప విశ్వవిద్యాలయం అవునో కాదో నేను చెప్పలేను. అక్కడ ఆమె ఓడిపోవచ్చు, మనసు మార్చుకోవచ్చు, మైనింగ్ వదిలేసి ఇంకేదో చేయవచ్చు. మగపిల్లలు మనసు మార్చుకుంటే "వయసు" అంటాం కదా, ఆ పాటి హక్కు ఆమెకీ ఉండాలి. మా మరిది ఇంకా ముభావంగానే ఉన్నాడు.

మొన్న ఫోన్ చేసినప్పుడు పిల్ల పైకప్పుల గురించి చెప్పింది. రాతి పొరల మధ్య బంధం ఎక్కడ బలహీనంగా ఉంటుందో, అది ఊడి పడకుండా బోల్టులు ఎలా బిగిస్తారో అరగంట చెప్పింది. నాకు సగమే అర్థమైంది. 1988లో బల్ల మీద పెట్టిన రాళ్లు గుర్తొచ్చాయి. ఆపమని మాత్రం అనలేదు.