మా నాలుకలకు పరీక్షలు పెట్టొద్దు

‘మీరు తెలుగు భలే మాట్లాడతారే!’ ఈ మాటను మెచ్చుకోలుగానే అంటారు. తరతరాలుగా ఈ మట్టిలోనే పుట్టి, ఈ మట్టిలోనే కలిసిపోతున్న వాళ్లకు ఇక్కడి భాష రావడంలో వింత ఏముంది? పొరుగింటి వారికి ఎవరూ ఇవ్వని ఈ కితాబు మాకే ఎందుకు? ఇక మన మసీదు వాకిట్లో వినిపించే మాట మరొకటి: ‘దూదేకుల వాళ్లకు ఉర్దూ రాదు, వాళ్లేం ముసల్మానులు?’ ఒకరు మా తెలుగును చూసి ఆశ్చర్యపోతారు, మరొకరు మా ఉర్దూను కొలిచి ఈమాన్‌ను తూకం వేస్తారు. ఈ రెండు పరీక్షలనూ మేము తిరస్కరిస్తున్నాం.

మొదటి పరీక్ష పెట్టేవారు చరిత్ర చదవాలి. తొలి అచ్చ తెలుగు కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చాడు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా పారశీకం, సంస్కృతం చదివి తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు. దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా మోగించారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీళ్లెవరూ తెలుగుకు అతిథులు కారు.

భాష లోపలికే వెళ్లి చూద్దాం. రైతు దస్తావేజు పట్టుకొని తహసీల్దారుకు ఫిర్యాదు చేస్తాడు. జవాబు రాకపోతే వకీలును పెట్టుకొని హక్కు కోసం నిలబడతాడు. ఈ మాటల్లోంచి అరబీ, పారశీక పదాలను ఏరివేస్తే రైతూ మిగలడు, హక్కూ మిగలదు. ఉర్దూను పరాయి భాష అనేవారు గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథిని ఏమంటారు?

రెండో పరీక్ష మన ఇంటిది గనుక మరింత బాధాకరం. భాషల వైవిధ్యాన్ని అల్లాహ్ సూచనల్లో ఒకటిగా ఖురాన్ చెబుతుంది. మరి అమ్మ ఒడిలో తెలుగు నేర్చిన నూర్‌బాషా బిడ్డను తక్కువగా చూసే అధికారం మనకెవరిచ్చారు? మతం గానీ భాష గానీ ప్రాతిపదికగా ఉన్న మైనారిటీలకు తమ విద్యాసంస్థలు నెలకొల్పుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చింది. ఉర్దూ వస్తేనే ముస్లిం అని అందులో ఎక్కడా లేదు. ఇక ఉర్దూ ఇళ్లలో మాత్రం మనం మాట్లాడేది ఏమిటి? ‘నక్కో’, ‘హౌ’ అనే దక్కనీ. లక్నో యాస రాలేదని మనల్ని చూసి నవ్వితే నొచ్చుకునే మనం, ఉర్దూ రాలేదని మరొకరిని చూసి నవ్వడం న్యాయమా?

ప్రభుత్వాలకూ ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా ప్రకటించాయి. ప్రకటన కాగితం మీద ఉంటే చాలదు. ఉర్దూలో రాసిన అర్జీని తీసుకునే గుమాస్తా ఉండాలి, ఉర్దూ బడిలో పాఠం చెప్పే టీచరు ఉండాలి. భాషాపరమైన మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కోసం తగిన సౌకర్యాలు కల్పించాలని 350ఎ అధికరణ చెబుతోంది. మహారాష్ట్రలోని పాతూరు పురపాలక కార్యాలయం బోర్డు మీద ఉర్దూ ఉండకూడదని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. భాష మతం కాదని 2025 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానం తేల్చి చెప్పింది. మన కార్యాలయాల బోర్డులు ఆ తీర్పును చదివాయా?

జనగణన మళ్లీ మన గుమ్మం ముందుకు వస్తోంది. బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అన్నది జనగణన నిర్వచనం. ఉర్దూ ఇల్లయితే భయపడకుండా ఉర్దూ అని చెప్పండి. తెలుగు ఇల్లయితే సిగ్గుపడకుండా తెలుగు అని చెప్పండి. తెలిసిన ఇతర భాషలను చెప్పే వీలు గత జనగణనల్లో ఉంది. ఈసారీ అడిగితే ఆ గడులను ఖాళీగా వదలకండి. ‘ఏదో ఒకటి రాసుకోండి’ అని లోపలికి వెళ్లిపోతే రేపు బడి అడగడానికి మన చేతిలో లెక్క ఉండదు.

మసీదు కమిటీలకు మా విన్నపం: జుమా బయాన్ సారాంశాన్ని తెలుగులోనూ వినిపించండి. మదర్సాల్లో తెలుగు చదవడం, రాయడం నేర్పండి. తెలుగు ఇళ్ల పిల్లలు కోరితే ఉర్దూ అక్షరాలు నేర్పండి, కానీ దాన్ని మతానికి రుసుముగా మార్చకండి. తల్లిదండ్రులకు మరో మాట: ఇంగ్లీషు మోజులో ఇంటి భాషను బలిపెట్టకండి.

నమాజు అరబీలో, లాలిపాట దక్కనీలో, సంతలో బేరం తెలుగులో, ఉద్యోగం ఇంగ్లీషులో సాగే బతుకు మాది. ఇది చీలిపోయిన బతుకు కాదు, నిండైన బతుకు. ఇందులో ఏ ఒక్క భాషనూ వదులుకొని మా స్వదేశీయతనో, మా ముస్లింతనాన్నో రుజువు చేసుకోవాల్సిన అగత్యం మాకు లేదు.