పెరిగే కుటుంబం, పాత కారు: ధర ఒక్కటే లెక్క కాదు

రెండో బిడ్డ పుట్టిన తరువాత చిన్న కారు ఇరుకవుతుంది. ముందు సీట్లలో భార్యాభర్తలు, వెనుక ఇద్దరు పిల్లలు, సంక్రాంతికి ఊరికి బయలుదేరితే తోడుగా తాతయ్య, నాయనమ్మ. డిక్కీలో రెండు పెట్టెలు పెడితే తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తాకు చోటుండదు. అప్పుడు ఇంట్లో పెద్ద కారు మాట మొదలవుతుంది. కొత్తది కొనడానికి కూడబెట్టిన సొమ్ము చాలక చూపు పాత కార్ల వైపు మళ్లుతుంది.

2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో సుమారు 43 లక్షల కొత్త ప్రయాణికుల వాహనాలు అమ్ముడయ్యాయి. చేతులు మారే పాత కార్ల సంఖ్య ఇంతకంటే ఎక్కువేనని పరిశ్రమ వర్గాల అంచనా. ఇటీవలి కాలంలో ఈ విపణికి సంబంధించిన పన్నులు, కాలుష్య నిబంధనలు, చివరికి బంకులో పోసే పెట్రోలు కూడా మారాయి. పాత లెక్కలతో పాత కారు కొంటే కుటుంబం నష్టపోయే అవకాశం ఉంది.

ఎస్టేట్ కారు మన దగ్గర ఎందుకు నిలవలేదు?

ఐరోపాలో ఇలాంటి కుటుంబాలు ఎంచుకునేది ఎస్టేట్ కారును. అది సెడాన్ లాగానే ఉంటుంది. డిక్కీ మాత్రం పైకప్పు వరకు పెరిగి వెనుక తలుపుతో తెరుచుకుంటుంది. జపాన్ నుంచి ఒకసారి వాడిన కార్లను దిగుమతి చేసుకునే బంగ్లాదేశ్ వీధుల్లో ఇవి విరివిగా కనిపిస్తాయి. భారత్‌లోనూ ప్రయత్నాలు జరిగాయి. 1992లో టాటా ఎస్టేట్, ఆ తరువాత మారుతి బలేనో ఆల్టురా, 2004లో టాటా ఇండిగో మెరీనా వచ్చాయి. ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు.

కొనుగోలుదారుల అభిరుచితో పాటు పన్ను విధానం కూడా ఇందుకు కారణమే. 2006 కేంద్ర బడ్జెట్ చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. పొడవు 4 మీటర్లు మించకూడదని, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ ఇంజను 1500 సీసీ లోపు ఉండాలని షరతు పెట్టింది. నాటి నుంచి తయారీదారులు 4 మీటర్ల లోపే కారును కుదించే పనిలో పడ్డారు. పొడవే ప్రాణమైన ఎస్టేట్ కారుకు ఈ లెక్కలో చోటు దొరకలేదు.

ఆ ఖాళీని బహుళ ప్రయోజన వాహనాలు భర్తీ చేశాయి. 2012లో మారుతి ఎర్టిగా, 2019లో రెనో ట్రైబర్ విపణిలోకి వచ్చాయి. ఎర్టిగా పొడవు 4.4 మీటర్లకు కాస్త తక్కువ. ట్రైబర్ 4 మీటర్ల లోపే ఏడు సీట్లు అమర్చింది. పాత కార్ల విపణిలో మధ్యతరగతి కుటుంబం ఎక్కువగా చూసే వాహనాల్లో ఈ రెండూ ఉంటాయి.

అయితే ఏడు సీట్లు ఉన్నంత మాత్రాన ఏడుగురికీ, వారి సామానుకూ చోటు దొరికినట్లు కాదు. మూడో వరుసలో మనుషులు కూర్చుంటే ఎర్టిగాలో సామానుకు మిగిలేది 209 లీటర్ల చోటు, ట్రైబర్‌లో 84 లీటర్లు మాత్రమే. మూడో వరుసను తీసివేస్తే ట్రైబర్‌లో 625 లీటర్ల చోటు వస్తుంది. సీఎన్‌జీ బండి అయితే వెనుక సిలిండరే చాలా చోటు తీసుకుంటుంది. అందువల్ల ఏడాదిలో ఎన్నిసార్లు ఆరేడుగురు ప్రయాణిస్తారు, ఎన్నిసార్లు నలుగురు బరువైన సామానుతో వెళ్తారు అన్నది ముందు తేల్చుకోవాలి.

పన్ను మారితే పాత బండి ధర ఎందుకు మారుతుంది?

2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం పాత వాహనాలన్నింటిపై 18 శాతం పన్ను నిర్ణయించింది. అంతకుముందు చిన్న కార్లకు ఇది 12 శాతంగా ఉండేది. ఈ పన్ను కారు మొత్తం ధరపై కాదు, వ్యాపారి మార్జిన్‌పై మాత్రమే. వ్యాపారి 5 లక్షల రూపాయలకు కొన్న కారును 5.60 లక్షలకు అమ్మితే పన్ను పడేది మధ్యనున్న 60 వేలపై. 12 శాతం చొప్పున 7,200 రూపాయలు, 18 శాతం చొప్పున 10,800 రూపాయలు. తేడా 3,600 రూపాయలే. జీఎస్టీ పేరు చెప్పి వేలకు వేలు పెంచే వ్యాపారిని ఈ లెక్క అడగవచ్చు. ఒక వ్యక్తి తన సొంత కారును మరో వ్యక్తికి నేరుగా అమ్ముకుంటే ఈ పన్ను వర్తించదు.

అసలు ప్రభావం 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన కొత్త కార్ల పన్ను రేట్లది. చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 18 శాతానికి తగ్గింది. అంటే పన్నుకు ముందు 100 రూపాయల విలువైన కారు 129 నుంచి 118 రూపాయలకు, సుమారు 8.5 శాతం దిగింది. ట్రైబర్ ఈ తరగతిలోనిదే. ఎర్టిగా వంటి 4 మీటర్లు దాటిన కార్లపై పన్ను 45 నుంచి 40 శాతానికి మారింది. అక్కడ తగ్గుదల సుమారు 3.4 శాతం. కొత్త కారు ధర తగ్గినప్పుడు పాత కారు విలువ కూడా ఆ మేరకు దిగాలి. అమ్మేవారు తాము కొన్ననాటి బిల్లు చూపి ధర చెబితే, నేటి షోరూము ధరతో పోల్చి బేరమాడటం కొనేవారి హక్కు.

ఢిల్లీ బండి చవక ఎందుకు?

హైదరాబాద్, విజయవాడ విపణుల్లో ఢిల్లీ నుంచి వచ్చిన కార్లు తక్కువ ధరకు దొరుకుతాయి. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలను ఖరారు చేసింది. 2025 జులైలో అలాంటి వాహనాలకు ఇంధనం పోయరాదన్న ఆదేశం కొద్ది రోజులకే ఆగిపోయింది. యజమానులపై కఠిన చర్యలు వద్దని ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, అంతకు పై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. నిబంధనలు ఇలా మారుతూ ఉండటంతో గడువు దగ్గరపడిన కార్లను యజమానులు ఇతర రాష్ట్రాలకు అమ్ముకుంటున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో ఆ బండికి మరికొన్నేళ్ల ఆయుష్షు ఉండవచ్చు. కానీ దాని వెంట ఖర్చులూ వస్తాయి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ తేవాలి. పన్నెండు నెలలు మించి ఇక్కడ నడపాలంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, జీవితకాల పన్ను చెల్లించాలి. ఈ మొత్తాన్ని ముందుగా లెక్కించి ధరకు కలిపితే చవక అన్నది ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

ఇంధనం సంగతి కూడా గమనించదగినదే. దేశమంతటా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు లభిస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దీనికి అనుగుణంగా రూపొందాయి. అంతకు ముందువాటిలో మైలేజీ కొంత తగ్గవచ్చు. పాత నమూనాల్లో ఇది 6 నుంచి 7 శాతం వరకు ఉండవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్లు ఎలా ఉన్నాయో మెకానిక్‌తో చూపించుకోవడం మేలు.

నీళ్లు చూసిన బండి, ట్యాక్సీగా తిరిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు నీట మునిగాయి. వాటితో పాటు వాకిట్లో, సెల్లారులో ఉన్న వాహనాలూ మునిగాయి. అలాంటి బండ్లు శుభ్రపడి, రంగు వేసుకుని మళ్లీ విపణికి చేరుతుంటాయి. పైకి తళతళలాడినా లోపలి వైరింగు నెమ్మదిగా తుప్పు పడుతుంది. సీటు బెల్టును చివరి వరకు లాగి చూస్తే బురద మరక కనిపించవచ్చు. సీటు కింది పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, ఎంత సెంటు కొట్టినా పోని ముక్కవాసన కూడా గుర్తులే. బీమా క్లెయిముల చరిత్ర, సర్వీసు సెంటరు రికార్డు చూస్తే మరింత స్పష్టత వస్తుంది.

ఏడు సీట్ల వాహనాలకు మరో ప్రత్యేక సమస్య ఉంది. వీటిలో చాలా భాగం ట్యాక్సీలుగా నడుస్తాయి. పసుపు బోర్డు తీసి సొంత వాహనంగా మార్చిన బండి ఏటా కిలోమీటర్లు ఎక్కువే తిరిగి ఉంటుంది. మీటరులో అంకెను వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. అయితే అరిగిన పెడళ్లు, నున్నబడిన స్టీరింగు, మారిన టైర్లు ఆ అంకెతో ఏకీభవించవు. ప్రతి సర్వీసు బిల్లులో నమోదైన రీడింగును వరుసగా పోల్చి చూడాలి.

పిల్లలు కూర్చునే చోటు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. కుటుంబం కోసం కొనే కారులో భద్రతను చివరి అంశంగా చూడటం తగదు. తయారీ తేదీయే ఇక్కడ మంచి కొలమానం. 2019 జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, 2022 ఆరంభం నుంచి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. బడ్జెట్ అనుమతిస్తే 2022 తరువాత తయారైన బండిని ఎంచుకోవడం సమంజసం.

గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఎర్టిగాకు 2019లో మూడు నక్షత్రాలు, ట్రైబర్‌కు 2021లో పెద్దల రక్షణ విషయంలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. కఠినతరం చేసిన ప్రమాణాలతో 2024లో ఆఫ్రికా విపణికి పంపే నమూనాలను పరీక్షించినప్పుడు ఎర్టిగాకు ఒకటి, ట్రైబర్‌కు రెండు మాత్రమే దక్కాయి. అమ్మేవారు నక్షత్రాలు చెబితే ఏ సంవత్సరం పరీక్షో అడగాలి. మూడో వరుసలో భుజం మీదుగా వచ్చే బెల్టులు ఉన్నాయా, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా అని స్వయంగా చూడాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు లేదా పిల్లల సీటు లేకుండా తీసుకువెళ్తే వెయ్యి రూపాయల జరిమానా చట్టంలోనే ఉంది.

పేరు ఎవరిదో బాధ్యత వారిదే

ఈ వ్యవహారంలో అతి తేలికగా తీసుకునేది ఆర్‌సీ బదిలీ. సొమ్ము ఇచ్చి, తాళాలు తీసుకుంటే పని అయిపోయిందనుకుంటారు. చట్టం అలా అనుకోదు. ఒక వాహనం వరుసగా పలువురి చేతులు మారినా రికార్డులో మొదటి యజమాని పేరే మిగిలిపోయింది. ప్రమాదం జరిగాక పరిహారం ఎవరు చెల్లించాలన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉందో వారే యజమాని, బాధ్యతా వారిదేనని న్యాయస్థానం 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. పాత చిన్న కారు అమ్మి పెద్దది కొనే కుటుంబం ఈ తీర్పుకు రెండు వైపులా ఉంటుంది: అమ్మిన బండి తమ పేరు నుంచి తొలగాలి, కొన్న బండి తమ పేరుకు రావాలి.

రాష్ట్రంలోనే అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. బ్యాంకు రుణం తీరినా ఆర్‌సీలో ఆ నమోదు మిగిలి ఉంటే ఫారం 35తో తొలగించాలి. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకు అధికార పత్రం తప్పనిసరి అయింది. అలాంటి డీలరుకు బండి అప్పగించి ఆ విషయం నమోదు చేస్తే, తిరిగి అమ్ముడయ్యే వరకు బాధ్యత డీలరుదే అవుతుంది. అధికార పత్రం లేని మధ్యవర్తికి, సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చేవారికి ఈ రక్షణ లేదు.

బీమా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. యాజమాన్యం మారితే థర్డ్ పార్టీ బీమా కొత్త యజమానికి వర్తిస్తుంది. సొంత కారు నష్టానికి సంబంధించిన భాగం మాత్రం తనంతట తాను మారదు; 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానితోనే వెళ్లిపోతుంది కనుక ప్రీమియం పెరుగుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

బేరం కుదిరిన రోజున మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వడం కన్నా, చివరి విడతను ఆర్‌సీ బదిలీ పూర్తయ్యే వరకు నిలుపుతామని కాగితంపై రాసుకోవడం మంచిది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు నమోదు చేస్తే యజమాని వరుస, రిజిస్ట్రేషను గడువు, బీమా వివరాలు కనిపిస్తాయి. పెండింగు చలానాలూ తెలుస్తాయి. ఆ పరిశీలనకు పది నిమిషాలు చాలు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని బండి చూడటానికి ఒక పూట పడుతుంది. ఈ రెండింటికీ ఒప్పుకోని అమ్మకందారు ఎంత ధర తగ్గించినా, ఆ బండిని వదిలి మరొకటి చూసుకోవడమే కుటుంబానికి క్షేమం.