మైకులు హెచ్చించిన మాట స్పష్టమగునా?

సమావేశమందిరమున ఎందఱు కూర్చుందురో అన్ని మైకులుంచి, అన్నింటిని తెఱచియే వదలి, అవి ఎనిమిదిని మించినచో రెండవ మిక్సరును తెచ్చి దాని ధ్వనిని ఒక తీగతో మొదటిదానిలోనికి పంపినచో పని ముగిసినదని మైకుసెట్టు పెట్టువారును పెట్టించువారును ఏకకంఠముగ నమ్ముచున్నారు. పాలకుర్తివంటి మండలకేంద్రమున మండల పరిషత్తు సర్వసభ్యసమావేశమునకు సర్పంచులు, ఎంపీటీసీలు, అధికారులు కూడినప్పుడు, త్రాగునీటి గోడు చెప్పుకొనవచ్చిన సభ్యురాలి మాట పంకాల హోరులో కలసిపోయి, "గట్టిగ చెప్పమ్మా" అని నలుదెసల కేకలు పుట్టించునది ఈ నమ్మకమే. ఆమె గొంతును తప్పుపట్టుట అన్యాయము.

తెఱచియున్న మైకు మాటతోపాటు పంకా చప్పుడును, బోడిగోడల ప్రతిధ్వనిని, సౌండు పెట్టెలనుండి వెలువడిన ధ్వనిని గూడ గ్రహించి మరల ఆ పెట్టెలకే పంపును. తెఱచిన మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడెల్ల, సెట్టు కీచుమనకుండ పెంచుకొనదగిన ధ్వని 3 డెసిబెల్లు తఱుగును. ఒకదానికి బదులు 16 తెఱచినచో 12 డెసిబెల్లు చేజాఱినవి. ఒకే గొంతు రెండు మైకులకు 1 మీటరు దూరభేదముతో చేరినచో సుమారు 3 మిల్లీసెకన్ల కాలభేదమేర్పడి, ఆ రెండును మిక్సరులో కలియునప్పుడు కొన్ని స్వరములు పరస్పరము హరించుకొనుటచే గొంతు డొల్లవోవును. అప్పుడు శబ్దమును పెంచిన పెరుగునది ఆ డొల్లతనమే.

దీనికి విరుగుడు నేడు క్రొత్తగ కనుగొనవలసినది కాదు. అమెరికా నాటకశాలలలో ధ్వనికార్యము నిర్వహించిన డాన్ డూగన్ 1970వ దశకముననే స్వయంచాలకమగు మిక్సరును రూపొందించెను. అది ప్రతి మైకులోని ధ్వనిని అన్నింటి మొత్తముతో పోల్చి, ఆ మొత్తమున దాని వాటా యెంతయో అంత బలమునే దానికిచ్చును. ఒకరు మాటాడినచో వారి మైకునకు పూర్ణబలము దక్కును. ఇద్దఱు సమముగ మాటాడినచో ఒక్కొక్కటి 3 డెసిబెల్లు తగ్గును. ఎందఱు మాటాడినను మొత్తము ఒక్క మైకు బలమును మించదు. మాట వినబడగనే మైకును తెఱచి, మాట ఆగిన పిదప చివర తెఱచినదానిని మాత్రమే నిలుపు జాతి మఱియొకటి కలదు.

"అవి మొదటి అక్షరమును మ్రింగివేయును" అని మన మైకువారు వీనిని త్రోసిపుచ్చుదురు. మైకులను పూర్తిగ మూయునట్లును, గట్టి గొంతుకు మాత్రమే తెఱచుకొనునట్లును అమర్చినచోట అట్లగుట నిజమే. కాని మూతపడిన మైకును పది పదిహేను డెసిబెల్లు మాత్రమే తగ్గించి, మందిరపు రొదకంటె హెచ్చైన మెల్లని గొంతుకును తెఱచుకొనునట్లు చేసి, మాట ఆగిన పిమ్మట అరసెకను ఓపికపట్టించినచో ఆ దోషము పోవును. అధ్యక్షుని అదుపు పోవునన్న భయమును నిరాధారము. అధ్యక్షుని మైకునకు ప్రాధాన్యమిచ్చు ఏర్పాటు ఇట్టి మిక్సరులలో అనేకములందు కలదు.

అసలు పొరపాటు రెండవ మిక్సరు దగ్గఱ జరుగుచున్నది. ధ్వనిని కలిపినంతమాత్రమున రెండు యంత్రముల నిర్ణయములు కలియవు. మొదటి మిక్సరుమీద ఒకరు మాటాడుచుండగా, ఆ సంగతి నెఱుగని రెండవది తన పూర్ణబలమును తన ఎనిమిది మైకులకు పంచి పంకాల రొదను మందిరమంతట చల్లును. రెండవ జాతివైనచో, మాట ఆగిన పిదప ఒక్కొక్కటి తన చివరి మైకును పట్టుకొనియుండుటచే రెండు మైకులు తెఱచియే మిగులును. కావున తయారుచేసినవారే అమర్చిన లింకు మార్గమున రెంటిని కలిపి, అన్నింటియందును ఒకే తగ్గింపును, ఒకే ఓపికకాలమును ఉంచవలెను. ఆ లింకు తీగ వెలకు వెనుకాడి, ఆ సొమ్ముతో ఇంకొక సౌండు పెట్టె కొనుట నేను సహింపజాలను.

పండితారాధ్యచరిత్రలో వాద్యములను పేరుపేరున వర్ణించి, మాట సామాన్యునకు చేరవలెనని జానుతెనుగును చేపట్టిన పాల్కురికి సోమనాథుని ఊరు ఈ పాలకుర్తి. భూమికై దొరను ఎదిరించి నిలిచిన చాకలి ఐలమ్మ ఊరును ఇదియే. ఇచట సభ్యురాలి మాట ఏడవ వరుసదాక పోకుండుట చిన్న లోపమని నేననుకొనను. బిల్లు చెల్లించుటకు ముందు, పంకాలన్నియు తిరుగుచుండగా, ఎనిమిదవ తొమ్మిదవ మైకుల నడుమ మెల్లని గొంతుగలవారిని కూర్చుండబెట్టి మాటాడింపుడు. తెఱచిన మైకును చూపు దీపము రెండు మిక్సరులమీదను కలిపి ఒక్కటే వెలిగి, చివరి వరుసవారు మాటను మాటగ తిరిగి చెప్పగలిగినచో, డబ్బు ఇండు.