పెద్దవాళ్ల కంచం మీద పడకండి

రిపోర్టులో రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 అని రాగానే మన ఇళ్లలో మొదట జరిగేది డెబ్బై ఏళ్ల అమ్మకు అన్నం కోత పెట్టడం. పరగడుపున కాకరకాయ రసం, పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గుప్పెడు మెతుకులు, రాత్రికి రెండు పుల్కాలు. అరటిపండు బంద్. మామిడిపండు ఊసే ఎత్తకూడదు. పిల్లలు ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. అయినా ఇది తప్పు. ముదిమిలో బోర్డర్ షుగర్ కంటే, దాన్ని దించడానికి పెట్టే ఈ అర్ధాకలే ఎక్కువ చేటు చేస్తోంది.

ముందు ఆ అంకె సంగతి. పరగడుపు షుగర్ 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్ (మనం బోర్డర్ షుగర్ అనేది ఇదే) అంటుంది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్. 2003కి ముందు వాళ్ల లెక్కలోనూ పరగడుపు హద్దు 110. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ 110నే ఉంచింది. అంటే 104 వచ్చిన మనిషి ఒకరి లెక్కలో రోగానికి దగ్గరపడ్డట్టు, ఇంకొకరి లెక్కలో మామూలే. పైగా ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ ఎంతో చూడకుండా, రెండోసారి పరీక్ష చేయించకుండా, ఒక్క కాగితం పట్టుకుని మనిషి తిండిని తారుమారు చేసేస్తున్నాం.

ఇక భయం. బోర్డర్‌లో ఉంటే రేపోమాపో షుగర్ ఖాయమని అందరి నమ్మకం. అమెరికాలో సగటున 76 ఏళ్ల వయసున్న దాదాపు 3,400 మందిని ఆరేళ్లకు పైగా గమనించిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. మొదట్లో హెచ్‌బీఏ1సీ బోర్డర్‌లో ఉన్నవారిలో 9 శాతం మందికే షుగర్ వ్యాధి వచ్చింది. 13 శాతం మంది మళ్లీ మామూలు స్థాయికి వచ్చారు. 19 శాతం మంది ఈలోగా చనిపోయారు. ఆ వయసులో బోర్డర్ షుగర్ ముదిరి వ్యాధి కావడం కంటే తగ్గిపోవడమే ఎక్కువగా జరిగింది.

అది అమెరికా, మన ఒళ్లు వేరు అంటారా? నిజమే, వేరే. చెన్నైలో జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, ప్రత్యేక జాగ్రత్తలేవీ చెప్పకుండా వదిలేసిన బోర్డర్‌వాళ్లలో మూడేళ్లలోనే 55 శాతం మందికి షుగర్ వచ్చింది. కానీ వాళ్ల సగటు వయసు చూడండి: 46. మన దేశంలో భయపడాల్సిన వయసు అది. అమ్మ కంచానికి కాపలా కాస్తున్న కొడుకు వయసు అది. పొట్ట పెంచుకుని, రాత్రి పదింటికి బిర్యానీ తిని, తన రక్తం ఒక్కసారైనా పరీక్ష చేయించుకోని మనిషి, తల్లి రెండో ముద్ద కలుపుకుంటే చెయ్యి పట్టుకుంటున్నాడు.

పోనీ, ఆ పుల్కాల వల్ల ఒరిగేదేమిటి? మామూలు సైజు చపాతీలు రెండు, కప్పు అన్నం పిండిపదార్థంలో దాదాపు సమానం. మెత్తగా పట్టించి పలచగా కాచిన రాగిజావ నమిలే పని లేకుండా దిగిపోతుంది, రక్తంలో షుగర్‌నూ అంతే త్వరగా పెంచుతుంది. పంచదార మానేసి బెల్లం వేసుకోవడమూ ఆ కోవలోదే. మన తిండిలో దాదాపు 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందనీ, వరి బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గడం లేదనీ ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2025లో చెప్పింది. గింజ మారిస్తే చాలదు. కొంత పిండి తగ్గి, ఆ స్థానంలో పప్పు, గుడ్డు, పెరుగు, చేప రావాలి. మన ఇళ్లలో మొదటి సగమే జరుగుతోంది. అన్నం తగ్గుతోంది, దాని బదులు ఏదీ రావడం లేదు. అన్నం తగ్గిందంటే అన్నంతో పాటు పప్పూ, పెరుగూ కూడా తగ్గినట్టే. పుల్కాలోకి కాస్త కూర అద్దుకుని లేచిపోతారు.

మూడు నెలల్లో అమ్మ నాలుగు కిలోలు తగ్గుతుంది. షుగర్ దిగింది, సన్నబడింది అని చుట్టాలు మెచ్చుకుంటారు. ఆ పోయిన బరువులో తొడ కండ కూడా ఉంది. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా తీసుకునేది కండరమే. అది కరిగితే షుగర్‌ను అదుపులో ఉంచే చోటే తగ్గిపోతుంది. దానికంటే ముందు బాత్రూంలో కాలు జారుతుంది, తుంటి విరుగుతుంది. మీ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పదిహేను సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గిందని అనుమానించాలి. ఆ అంకె ఏ ల్యాబ్ రిపోర్టులోనూ రాదు. నా దృష్టిలో డెబ్బై దాటినవారికి 6.1 కంటే అదే ముఖ్యం.

బరువు తగ్గితే షుగర్ రాదని చెప్పేవాళ్లు 2002 నాటి అమెరికా అధ్యయనాన్ని చూపిస్తారు. అది గొప్ప అధ్యయనమే. వారానికి 150 నిమిషాల నడకతో, తిండి మార్పుతో అరవై దాటినవారిలో షుగర్ వచ్చే ముప్పు 71 శాతం తగ్గింది. ఆ వయసువారికి మెట్‌ఫార్మిన్ మాత్ర పెద్దగా పనిచేయలేదు. అయితే అందులో చేరినవారి సగటు బరువు 94 కిలోలు. యాభై కిలోలున్న మన అమ్మమ్మను అదే కొలతతో ఇంకా తగ్గించడం అన్యాయం.

ఇది లడ్డూలు పెట్టమనడం కాదు. తీపి టీలు, కూల్‌డ్రింకులు తగ్గించాల్సిందే. పొట్ట, బరువు ఎక్కువున్నవాళ్లు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గాలి. దాహం, రాత్రిపూట పదేపదే మూత్రం, కారణం లేకుండా చిక్కిపోవడం ఉంటే ఆలస్యం చేయకూడదు. మిగతావారికి పూటపూటా పప్పో గుడ్డో పడాలి. వయసు మళ్లినవారికి కిలో బరువుకు రోజూ ఒక గ్రాముకు తగ్గకుండా ప్రోటీన్ కావాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడిగే పెట్టాలి. భోంచేశాక పది నిమిషాలు వరండాలోనైనా నడిపించండి. నెలకోసారి బరువు చూడండి, తగ్గుతుంటే కోత ఆపండి.

అమ్మను ల్యాబ్‌కు తీసుకెళ్లిన రోజే, నలభై దాటిన మీరూ చెయ్యి చాచి రక్తం ఇవ్వండి.